మూలనపడ్డ విమానం మళ్ళీ ఎగరాలంటే...
లేసు వ్యాపారులు కట్టిన విమానం 35 ఏళ్ళ తర్వాత లేచిన వైనం

నరసాపురం (మా గ్రామీణ విలేఖరి): లేసు వ్యాపారం చేసుకునే అన్నదమ్ములిద్దరు సొంతంగా విమానం కట్టారంటే మన లేసు ఊళ్ళలో ఎవరూ ఒక పట్టాన నమ్మరు. కాని ఇది కట్టుకథ కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన గ్రేంజర్ సోదరులు కట్టిన ఆ విమానం 1930 అక్టోబరులో హక్‌నాల్ మైదానం నుంచి మొదటిసారి ఎగిరింది. 1936 దాకా ఎగిరి ఆ తర్వాత మూలనపడింది. మూడు దశాబ్దాలకు పైగా నేల మీదే ఉండిపోయి, 1971 జూన్‌లో మళ్ళీ ఆకాశంలోకి లేచింది.

నాటింగ్‌హామ్ లేసు మరలతో నేసేది. మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల లేసు ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో అల్లేది. మిషనరీ దొరసానుల నుంచి నేర్చుకున్న ఆ విద్యకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దారానికీ దారానికీ మధ్య ఒక్క ముడి తప్పినా పని చెడుతుందని లేసు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో కట్టిన విమానం సంగతీ అంతే. అక్కడ ముడి తప్పితే పోయేది ప్రాణం.

అందుకే ఏళ్ళ తరబడి పడి ఉన్న విమానాన్ని మళ్ళీ ఎగరేయాలంటే పెట్రోలు పోసి స్టార్టు చేస్తే చాలదు. గ్రేంజర్ సోదరుల విమానాన్ని 1967 ఏప్రిల్ 28న బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో ఉన్న షటిల్‌వర్త్ ట్రస్టుకు అప్పగించారు. పాత విమానాలను ఎగిరే స్థితిలో ఉంచడమే పనిగా పెట్టుకున్న సంస్థ అది. 1909లో తయారైన బ్లెరియో విమానం కూడా వారి దగ్గర ఉంది. అంతటి చేయి తిరిగినవారి చేతికి వచ్చాక కూడా ఆ చిన్న విమానం గాలిలోకి లేవడానికి నాలుగేళ్ళు గడిచాయి.

తోక లేని పిట్ట

ఆ విమానం పేరు ఆర్కియాప్టెరిక్స్. అది జర్మనీలో రాతి పొరల్లో దొరికిన పురాతన పక్షి పేరు. సుమారు 15 కోట్ల ఏళ్ళ నాటి ఆ పక్షికి బల్లి లక్షణాలూ పిట్ట లక్షణాలూ రెండూ ఉన్నాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. విమానం కూడా అలాంటి వింతే. అన్ని విమానాలకూ ఉన్నట్టు వెనక అడ్డతోక దీనికి లేదు. రెక్క పైలట్ తల మీదుగా గొడుగులా ఉంటుంది. ముక్కు లేపడం, దించడం, పక్కకు వంచడం అన్నీ రెక్కల చివర ఉన్న కదిలే పలకలే చూసుకుంటాయి.

చెక్కతో చట్రం, పైన గుడ్డ. ముందర రెండు సిలిండర్ల బ్రిస్టల్ చెరబ్ ఇంజను. దాని శక్తి 32 అశ్వశక్తులు. మన పొలాల్లో తిరిగే చిన్న ట్రాక్టరుకు ఉన్నంత. కూర్చునేది ఒక్కరే. ఇలాంటిది ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే తయారయింది. దాని మరమ్మతులో మొదటి చిక్కు అదే. జీపు చెడితే పక్క ఊళ్ళో ఇంకో జీపు చూసి పోల్చుకోవచ్చు. దీన్ని పోల్చుకోవడానికి రెండోది లేదు.

ఇంట్లో విమానం కట్టుకునే సరదా ఒక్క గ్రేంజర్ సోదరులది కాదు. 1953లో అమెరికాలోని మిల్వాకీలో పాల్ పొబరెజ్నీ అనే ఆయన ఇలాంటి ఔత్సాహికులను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. అది నేడు ప్రపంచంలోనే పెద్ద సంఘాల్లో ఒకటి. సగానికి మించిన పని ఔత్సాహికులే స్వయంగా చేసి ఉంటే ఆ విమానాన్ని ప్రయోగాత్మక తరగతిలో నమోదు చేసే పద్ధతి అక్కడ ఉంది. అలా తయారైనవి వేల సంఖ్యలో ఉన్నాయి. కట్టినవారు పెద్దవారవుతారు, చూపు తగ్గుతుంది, లేదా కాలం చేస్తారు. పిల్లలకు ఆసక్తి ఉండదు. విమానం రెక్కలు విప్పి గోడకు ఆనించి కారు షెడ్డులోనో గడ్డివామి పక్కనో ఉండిపోతుంది. ఏ పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో మరొకరు వచ్చి చవగ్గా కొనుక్కుంటారు. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

మా పాకలో జరిగింది

ఈ సంగతి అర్థం కావడానికి విమానం దాకా పోనక్కరలేదు. మాది కాలవ చివరి భూమి. దాళ్వా రోజుల్లో వంతు నీళ్ళు అందక మురుగు కాలవ నుంచి తోడుకోవడానికి మా నాన్న ఒక అయిదు అశ్వశక్తుల ఆయిల్ ఇంజను కొన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు కాలవ నీళ్ళు బాగా రావడంతో ఇంజనును పశువుల పాకలో పెట్టి, పైన గోనెలు కప్పాం. నాలుగో ఏట నీళ్ళు తప్పాయి. నాట్లు వేసిన చేను నెర్రెలిస్తోంది. ఇంజనును బండి మీద గట్టుకు చేర్చి, డీజిలు పోసి, నేనూ మా పాలేరూ హాండిలు తిప్పాం. పది తిప్పులకు అంటుకుంది. అందరం సంతోషించాం.

అరగంట తిరగకుండా ఇంజను ఎర్రగా కాగి, గట్టిగా మూలిగి, ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి విప్పి చూస్తే పిస్టను బోరులో పట్టేసింది. పంపు నుంచి ఇంజనును చల్లబరచడానికి వచ్చే సన్న నీటి గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. బొటనవేలంత గూడు. ముందే ఆ గొట్టం ఊడదీసి ఒకసారి నోటితో ఊది చూస్తే సరిపోయేది. ఆ తొందరపాటుకు ఇంజనూ పోయింది, చేనూ ఎండింది.

నేల మీద ఉన్న ఇంజను ఆగితే చేను ఎండుతుంది. గాలిలో ఉన్న ఇంజను ఆగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పడి ఉన్నా అరుగుతుంది

వాడని యంత్రం అరగదని మనలో చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. ఇంజను ఆగినప్పుడు లోపల మిగిలిన పొగలో నీటి ఆవిరి ఉంటుంది. పాత ఆయిల్లో ఆమ్లం చేరి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఇనుప భాగాలను అంటుకున్న ఆయిల్ కిందికి జారిపోతుంది. తడి గాలి తగిలి తుప్పు మొదలవుతుంది. మన సముద్రతీరం గాలి సంగతి చెప్పనే అక్కరలేదు.

చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే లైకమింగ్ ఇంజన్లలో కామ్‌షాఫ్టు క్రాంకుషాఫ్టుకు పై భాగాన ఉంటుంది. అడుగున నిలిచే ఆయిల్‌కు అది దూరం. అందువల్ల ఇంజను తిరగని రోజుల్లో ముందుగా పొడిబారేదీ తుప్పు పట్టేదీ అదే. పైకి ఏమీ కనిపించదు. స్టార్టు చేస్తే బ్రహ్మాండంగా తిరుగుతుంది. కాని తుప్పు తిన్న చోట గరుకై, దాని మీద నడిచే ట్యాపెట్లను కొరుక్కుతింటుంది. ఆ ఇనుప రజను ఆయిల్లో కలిసి బేరింగులకు చేరుతుంది. కొన్ని గంటలు ఎగిరాక బండారం బయటపడుతుంది.

వారానికోసారి ప్రొపెల్లరును చేత్తో తిప్పితే ఇంజను బాగుంటుందని కొందరు నమ్ముతారు. తయారీదారులు మాత్రం అలా తిప్పవద్దంటున్నారు. సిలిండరు గోడలకు పట్టుకుని ఉన్న కాస్త ఆయిల్‌ను కూడా రింగులు గీకేస్తాయి. పైగా అందులో ప్రాణాపాయం ఉంది. విమానం ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చేది మాగ్నెటో. పాత మోపెడ్లు బ్యాటరీ లేకున్నా స్టార్టయ్యేవి గుర్తుందా? అదే సూత్రం. స్విచ్చి ఆపడమంటే మాగ్నెటో కరెంటును ఒక తీగ ద్వారా ఇంజను శరీరానికి కలపడం. ఏళ్ళ తరబడి పడి ఉండి ఆ తీగ తెగి ఉంటే, స్విచ్చి ఆపి ఉన్నా మాగ్నెటో సజీవంగానే ఉంటుంది. ప్రొపెల్లరును కాస్త కదిపితే చాలు, ఇంజను అంటుకుని ఎదుట ఉన్న మనిషిని నరుకుతుంది. అందుకని తెలిసినవారు పాత విమానం దగ్గరకు పోగానే చేసే మొదటి పని ప్లగ్గులు ఊడదీయడం.

ప్లగ్గులు తీసిన రంధ్రాల గుండా సన్న గొట్టం చివర అమర్చిన చిన్న కెమెరా పంపి సిలిండరు గోడలు చూస్తారు. పాత ఆయిల్ తీసి, వడపోత డబ్బాను కోసి విప్పి, కాగితం మడతల్లో ఇనుప రజను ఉందేమో వెతుకుతారు. కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే ఇంజను తిప్పుతారు. ఆయిల్ ఒత్తిడి ముల్లు లేచేదాకా నిప్పురవ్వ ఇవ్వరు. సందేహం ఉంటే ఒక సిలిండరు ఊడదీసి కామ్‌షాఫ్టును కళ్ళారా చూస్తారు. లైకమింగ్ వారు తమ ఇంజన్లకు ఎగిరిన గంటలతో పాటు ఏళ్ళ లెక్క కూడా పెట్టారు. గంటలు పూర్తి కాకపోయినా 12 ఏళ్ళు నిండితే మొత్తం విప్పి ఓవరాలింగ్ చేయించుకోవాలన్నది వారి సలహా. "కొత్త ఇంజనండీ, వంద గంటలే తిరిగింది" అన్న అమ్మకందారు మాటకు ఇక్కడ విలువ లేదు.

పెట్రోలు బంక అయితే

నిలవ పెట్రోలు చెడుతుంది. తేలిక భాగం ఆవిరై, మిగిలింది బంకలా మారి కార్బురేటరు సన్న రంధ్రాలను మూసేస్తుంది. నేటి పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. మన దేశంలో బంకుల్లో పోసేదానిలో అది 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొన్ని పాత విమానాల ట్యాంకులు, వాటి అతుకులు పూసిన లప్పం ఇథనాలును తట్టుకునేవి కావు. మెత్తబడి పెచ్చులై ఊడి, గొట్టానికి అడ్డుపడతాయి.

రబ్బరు గొట్టాల సంగతి ఇంకా మోసకారిది. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. లోపలి పొర పొడిపొడిగా రాలుతుంటుంది. అందుకని గొట్టం చూసి నిర్ణయించరు, దాని మీద ఉన్న తేదీ చూసి తీసేస్తారు. రొటాక్స్ అనే పేరున్న చిన్న ఇంజన్లకు అయిదేళ్ళకొకసారి రబ్బరు భాగాలన్నీ మార్చాలన్న నియమం ఉంది.

అన్నీ మార్చాక పెట్రోలు కొలత పరీక్ష ఉంది. విమానం ముక్కును, పైకి ఎగబాకేటప్పుడు ఎంత లేస్తుందో అంత ఎత్తు లేపి పెడతారు. కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి డబ్బాలోకి వదిలి గడియారం చూస్తారు. పై ట్యాంకు నుంచి తనంతట తాను దిగే పద్ధతైతే, ఇంజను పూర్తి శక్తితో తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. పంపు ఉంటే ఒకటింబావు రెట్లు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, డబ్బా, గడియారం, ఓపిక ఉంటే చాలు. ఈ పరీక్ష చేయకుండా ఎగిరితే చెట్లు దాటే ఎత్తులో ఇంజను దాహంతో ఆగవచ్చు.

బొటనవేలంత గూడు, 189 ప్రాణాలు

భ్రమరకీటక న్యాయం గురించి పెద్దలు చెబుతారు. పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి మూసేసే ఆ భ్రమరానికి సన్న రంధ్రం కనిపిస్తే చాలు. ప్రతి విమానానికీ గాలికి ఎదురుగా ఒక సన్న గొట్టం ఉంటుంది. దానిలోకి దూరే గాలి ఒత్తిడిని బట్టే విమానం ఎంత వేగంతో పోతున్నదీ పైలట్‌కు తెలుస్తుంది. గొట్టం మూసుకుపోతే ముల్లు అబద్ధం చెబుతుంది.

1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యుయెర్టో ప్లాటా నుంచి బయలుదేరిన బోయింగ్ 757 విమానం కొద్ది నిమిషాలకే సముద్రంలో కూలింది. అందులో ఉన్న 189 మందీ చనిపోయారు. ఆ విమానం అంతకు ముందు దాదాపు 20 రోజులు ఎగరకుండా నేల మీద ఉంది. ఆ గొట్టాలకు తొడగాల్సిన తొడుగులు తొడగలేదు. ఒక గొట్టం మూసుకుపోయి పైలట్‌కు తప్పు వేగం చూపిందని విచారణలో తేలింది. గొట్టం సముద్రంలోనే పోయింది గాని, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలే కారణమై ఉండవచ్చని అధికారులు భావించారు.

పెద్ద కంపెనీ విమానానికి ఇరవై రోజుల్లో అంత ముప్పు వస్తే, ఇరవై ఏళ్ళు పడి ఉన్న చిన్న విమానం సంగతేమిటి? వేగం చూపే గొట్టం, పెట్రోలు ట్యాంకుకు గాలి పోయే రంధ్రం, ఇంజను ఆవిరి పోయే గొట్టం, అన్నింటినీ ఊడదీసి అవతలి వెలుతురు కనిపించేదాకా శుభ్రం చేయాలి. ఎలుకల బెడద వేరే ఉంది. రెక్కల లోపల గూళ్ళు పెడతాయి. వాటి మూత్రం అల్యూమినియం రేకును తినేస్తుంది.

చెక్క, జిగురు, గుడ్డ

ఆర్కియాప్టెరిక్స్ వంటి చెక్క విమానాలకు ప్రాణమంతా జిగురులోనే ఉంది. పాత రోజుల్లో పాల విరుగుడుతో చేసే కేసిన్ జిగురు వాడేవారు. తడి తగిలితే దానికి బూజు పడుతుంది. చెక్క పుచ్చకపోయినా అతుకు వదులుతుంది.

చెక్క అతుకుల ముచ్చట మన దేశానికీ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో డి హావిలాండ్ మస్కిటో అనే చెక్క యుద్ధవిమానాలు ఇక్కడి నుంచి పనిచేశాయి. 1944లో కొన్ని గాలిలోనే విరిగిపోవడంతో ఆ ఏడాది నవంబరులో వాటిని ఎగరకుండా ఆపి విచారణ జరిపారు. తప్పంతా మన ఎండదీ వానదీ అని మొదట అనుకున్నా, అతుకుల్లో తయారీ లోపాలు కూడా బయటపడ్డాయి.

అందుకని చెక్క విమానాన్ని లేపేవారు రెక్క లోపలికి దీపం, అద్దం పెట్టి ప్రతి అతుకూ చూస్తారు. నల్లటి మరక ఉంటే నీరు నిలిచిందని అర్థం. చిన్న సుత్తితో తట్టి వింటారు. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చు చెక్క బొదబొదలాడుతుంది. కొబ్బరికాయ తట్టి కొనే మనకు ఈ విద్య కొత్త కాదు.

పైన కప్పిన గుడ్డకు ఎండ శత్రువు. పాత విమానాలకు నూలు, నార గుడ్డ వేసి వార్నిషు వంటి పూత పూసేవారు. తర్వాత పాలియెస్టరు వచ్చింది. రంగు మెరుస్తున్నంత మాత్రాన గుడ్డ గట్టిదని కాదు. రెక్క పై భాగాన, ఎండ ఎక్కువ తగిలే చోట, స్ప్రింగు ఉన్న మొన పరికరంతో నొక్కి చూస్తారు. నిర్ణీత బలానికి ముందే చిల్లు పడితే గుడ్డ మొత్తం తీసేయాల్సిందే. గుడ్డ విప్పినప్పుడే లోపలి చట్రం అసలు రూపం కనిపిస్తుంది కాబట్టి, చాలామంది గుడ్డ బాగున్నా విప్పడమే మేలంటారు.

పైలట్ చేతికీ రెక్కకూ మధ్య ఉండేవి ఉక్కు తీగల తాళ్ళు. కప్పీల మీద వంగే చోట పోగులు తెగుతాయి. పాత గుడ్డ పట్టుకుని తాడు పొడవునా తుడుస్తారు. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు. ఒక్కసారి విప్పిన లాకు పిన్నులను మళ్ళీ వాడరు. బజారు బోల్టు అచ్చం అలాగే కనిపించినా విమానానికి పనికిరాదు.

అన్నీ బిగించాక ఇంకో పరీక్ష ఉంది. తాళ్ళు తారుమారుగా తగిలించడం వల్ల కూలిన విమానాలున్నాయి. కర్రను ఎడమకు వంచితే ఎడమ రెక్క పలక పైకి లేవాలి. కర్ర పట్టుకున్న చేతి బొటనవేలు పైకి పెడితే, ఆ వేలు ఎటు వంగిందో అటు పలక లేచి ఉండాలన్నది పైలట్లు నేర్చుకునే గుర్తు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గాని దీనికి మించిన పరీక్ష లేదు.

కట్టినవాడికే తెలిసిన సంగతి

కంపెనీ విమానాలన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయి. ఇంట్లో కట్టిన విమానాలు రెండు ఒకలా ఉండవు. ఒకే నక్షా చూసి కట్టినా, ఎవరి చేతివాటం వారిది.

అమెరికాలో పేరు మోసిన గాయకుడు జాన్ డెన్వర్ 1997లో ఇంట్లో కట్టిన లాంగ్-ఈజీ అనే విమానాన్ని కొన్నారు. దాన్ని కట్టింది వేరొకరు. రెండు ట్యాంకుల్లో ఒకదాని నుంచి మరొకదానికి పెట్రోలు మార్చే పిడిని, నక్షాలో ఉన్న చోట కాకుండా, పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చారు. దాని మీద ఎటు తిప్పితే ఏ ట్యాంకో రాసి లేదు. పెట్రోలు ఎంత ఉందో చూపే గాజుగొట్టాలకూ గుర్తులు లేవు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటరే తీరం దగ్గర ఆయన ఒక్కరే ఎగురుతుండగా విమానం సముద్రంలో కూలి మరణించారు. వెనక్కి తిరిగి ఆ పిడిని తిప్పబోతూ పొరపాటున కుడి కాలితో చుక్కాని పెడలు తొక్కారని విచారణ సంస్థ తేల్చింది. పిడిని అందని చోట పెట్టడం, గుర్తులు లేకపోవడం, కొత్త విమానం మీద తగినంత తర్ఫీదు లేకపోవడం కూడా కారణాలని చెప్పింది.

ఆ విమానం రెక్క విరగలేదు. కట్టినవారి మనసులో ఉన్న సంగతి కొన్నవారికి అందలేదు. అందుకే పాత విమానం కొనేటప్పుడు దాని నక్షాలు, ఫోటోలు, కట్టినప్పుడు రోజువారీ రాసుకున్న నోటుపుస్తకం ఉన్నాయా అని ముందు అడగాలంటారు. పుస్తకం లేకపోతే ప్రతి అంగుళమూ మళ్ళీ కొలవాలి. మూడు చక్రాల కింద మూడు తూకం యంత్రాలు పెట్టి బరువు ఎటు మొగ్గిందో కొత్తగా లెక్క కట్టాలి. కాగితంలో ఉన్న పాత తూకాన్ని నమ్మరు. ఇరవై ఏళ్ళలో ఎవరు ఏం తగిలించారో, ఏం తీశారో.

కొన్నింటిని అసలు లేపకూడదు. 1933లో ఫ్రాన్సులో ఆంరీ మిన్యే అనే ఆయన ఆకాశపు పేను అని అర్థం వచ్చే పేరుతో బుల్లి విమానం తయారుచేశారు. అది చూసి ఎందరో ఇళ్ళలో కట్టుకున్నారు. వరసగా ప్రమాదాలు జరిగాయి. గాలి సొరంగంలో పెట్టి పరీక్షించగా, ముక్కు ఒక హద్దుకు మించి కిందికి వంగితే పైలట్ దాన్ని మళ్ళీ పైకి లేపలేడని తేలింది. 1936లో బ్రిటన్‌లో దాన్ని నిషేధించారు. అలాంటిది అటక మీద దొరికితే తుడిచి మ్యూజియంలో పెట్టడమే దానికి ఇచ్చే గౌరవం.

మొదటి పరుగు

అన్నీ అయ్యాక కూడా వెంటనే ఎగరరు. తోకను గట్టి గుంజకు కట్టి పూర్తి శక్తితో ఇంజను నడిపి చూస్తారు. ఆపి, మూతలు విప్పి, ఎక్కడ కారిందో చూస్తారు. తర్వాత నేల మీద మెల్లగా నడిపిస్తారు. బ్రేకులు, చక్రాలు, చుక్కాని చూసుకుంటారు. మళ్ళీ మూతలు విప్పుతారు.

ఎగిరే రోజున విమానంలో ఒక్కరే ఉంటారు. ఉబలాటపడి బంధుమిత్రులను ఎక్కించుకోరు. గాలి తక్కువ ఉన్న ఉదయం పూట బయలుదేరి, మైదానం మీదనే చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోతారు. ఇంజను ఆగినా జారుతూ వచ్చి అదే మైదానంలో దిగాలన్నది ఉద్దేశం. అమెరికాలో కొత్తగా కట్టిన విమానమైతే మామూలుగా 25 లేదా 40 గంటలు, నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగిరి నిరూపించుకోవాలి. ఆ పైన 12 నెలలకోసారి తనిఖీ ఉంటుంది. బ్రిటన్‌లో 1946 నాటి నుంచి ఉన్న ఔత్సాహికుల సంఘం తనిఖీదారులు చూసి సిఫారసు చేస్తేగాని అనుమతి రాదు. యజమాని కాని మరో మనిషి కంటితో చూడడం అందులోని కీలకం. ఏళ్ళ తరబడి తానే చేసిన పనిలో తప్పు తనకు కనిపించదు.

మన దేశంలో ఈ సరదా ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. ముంబైకి చెందిన అమోల్ యాదవ్ అనే పైలట్ తామున్న భవనం మేడ మీద ఆరుగురు కూర్చునే విమానాన్ని కట్టారు. 2016 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన మేకిన్ ఇండియా వారోత్సవంలో దాన్ని ప్రదర్శించారు. పౌర విమానయాన శాఖ నుంచి రిజిస్ట్రేషను వచ్చింది మాత్రం 2017 నవంబరులో. కాగితాల కోసం నిలిచిన రోజులు కూడా యంత్రానికి పడి ఉన్న రోజుల కిందే లెక్క అని గుర్తుంచుకోవాలి.

విప్పి చూసినవాడే...

పాత విమానాన్ని లేపడంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటంటే, అంతా సిద్ధమైన రోజున కూడా మనసులో ఒక్క అనుమానం ఉంటే ఇవాళ వద్దని చెప్పగలగడం. చుట్టూ జనం చేరి ఉంటారు. ఫోటోలు తీయడానికి వచ్చి ఉంటారు. ఖర్చు అప్పటికే కొన్న ధరను మించి ఉంటుంది. అయినా మూత మళ్ళీ విప్పగలిగినవారే నిండు నూరేళ్ళూ ఎగురుతారు.

గ్రేంజర్ సోదరుల తోకలేని పిట్ట 1936లో దిగి 1971లో లేచింది. ఆ 35 ఏళ్ళూ అది నిద్రపోయిందని అనడం మాటవరసకే. చెక్క, గుడ్డ, జిగురు, ఇనుము ఒక్క రోజు కూడా నిద్రపోవు. వాటి పని అవి చేసుకుపోతూనే ఉంటాయి.

మా ఆయిల్ ఇంజను బోరు కొట్టించి, పిస్టను మార్పించి, మళ్ళీ పాకలోనే పెట్టాం. ఇప్పుడు దాని గొట్టాల మూతులకు గుడ్డలు కుక్కి, ప్రతి గుడ్డకూ ఎర్ర పీలిక కట్టాను, తీయడం మరచిపోకుండా. విమానాల తొడుగులకు కూడా ఎర్ర రిబ్బను కడతారని తర్వాత చదివాను. ఈ ఏడు దాళ్వాకు కాలవ నీళ్ళు అందుతాయో లేదో తెలియదు. పాకల్లో ఇంజన్లున్న రైతులు చేను నెర్రెలివ్వకముందే, తీరిక ఉన్న ఒక సాయంత్రం, గోనెలు తీసి ఆ సన్న గొట్టం ఊడదీసి చూసుకుంటే మంచిది.